రాత్రి సూది

డాక్టర్ అమృత నంద్యాలకు వచ్చింది పని నేర్చుకోవడానికి. నేర్చుకుంది కూడా. ఎవరి ప్రాణం మీద నేర్చుకుందన్నదే అడగాల్సిన మాట. ఆ మాట అడిగినవాళ్ళు ఎవరూ లేకపోవడమే ఇందులోని ఘోరం.

ఆమెది పాములపాడు దగ్గర ఒక పల్లె, తాతల నాటి నుంచి సేద్యం చేసుకునే ఇల్లు. డాక్టరయింది, పిల్లల డాక్టరయింది, అది చాలదన్నట్టు పిల్లలకు వచ్చే షుగరు, హార్మోన్ల జబ్బుల మీద ఇంకో రెండేళ్ళ చదువుకు హైదరాబాదులో చేరింది. షుగరు ముసిలోళ్ళకు గదా వచ్చేది, పిల్లోళ్ళకేందీ అని వాళ్ళ పెద్దమ్మ అడిగితే అమృత నవ్వి ఊరుకునేది. ఆ మాట అనని మనిషి ఆ జిల్లాలో దొరకడు. కొందరు డాక్టర్లూ అంతే. అందుకే పిల్లలు స్పృహ తప్పి పడిపోయేదాకా సంగతి బయటపడదు.

ఆ చదువులో ఆరు నెలలు జిల్లాలో పనిచేయాలి. అమృతకు నంద్యాలలో ఒక ట్రస్టు ఆసుపత్రి పడింది. వార్డులో పిల్లల్ని చూసుకోవాలి, ప్రతి గురువారం షుగరు పిల్లల ఓపీ నడపాలి. హైదరాబాదు నుంచి ఆమె గురువు డాక్టర్ పరంజ్యోతి నెలకోసారి వచ్చి పని చూసి వెళ్ళేవారు.

ఈ జబ్బుకు మందు ఎంత ముఖ్యమో మాట అంత ముఖ్యం. సూది వేసేది డాక్టరు కాదు, ఇంట్లోవాళ్ళు. రోజూ వేయాలి, బతికినన్నాళ్ళూ వేయాలి. అందుకని పిల్లను ఇంటికి పంపేముందు ఇంటివాళ్ళకు ఐదు పాఠాలు చెప్పాలని నియమం పెట్టారు. జబ్బు ఏమిటి, సూది ఎట్లా వేయాలి, మందు ఎట్లా దాచాలి, షుగరు పడిపోతే ఏం చేయాలి, పిల్లకు ఒంట్లో బాగాలేని రోజున ఏం చేయాలి. దానికొక ఫారం ఉంది. ఐదు పాఠాలకు ఐదు గళ్ళు. చెప్పిన పాఠానికి ఎదురుగా టిక్కు, కింద డాక్టరు సంతకం, ఇంటివాళ్ళ సంతకం. ఒక కాపీ ఫైలుకు, ఒకటి ఇంటికి. ఐదు టిక్కులూ పడిన ఫారాలు అరవై జమైతేనే జనవరిలో పరీక్షకు కూర్చోనిస్తారు. ఐదు పాఠాలూ ఓపిగ్గా చెప్పాలంటే రెండు గంటలు పడుతుంది. గురువారం ఓపీకి నలభై మంది వస్తారు. ఆ నియమం పెట్టిన పెద్దమనుషులు ఎప్పుడైనా ఆ కుర్చీలో కూర్చున్నారో లేదో తెలియదు.

శ్రావణమాసంలో వచ్చింది దివ్యశ్రీ. తొమ్మిదేళ్ళ పిల్ల. ఆళ్ళగడ్డ మెయిన్ రోడ్డులో కిరాణా అంగడి నడిపే గురుప్రసాద్‌కు ఒక్కగానొక్క కూతురు. నెల రోజులుగా నీళ్ళు తెగ తాగుతోందని, చిక్కిపోయిందని దిష్టి తీసి, తాయెత్తు కట్టి, చివరికి స్పృహ లేకుండా ఎత్తుకొచ్చారు. అమృత రెండు రోజులు వార్డు వదలకుండా ఆ పిల్లను బతికించింది. అది మాత్రం ఆమె సొంత కష్టం, ఎవరూ కాదనలేరు.

తర్వాత సూది నేర్పాల్సి వచ్చింది. తల్లి పూజితకు చేతులు వణికాయి. తండ్రి మొహం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు నాయనమ్మ కన్యకమ్మ లేచి చేతులు కడుక్కుని, కొంగు నడుముకు చుట్టుకుని, నాకు చూపించు తల్లీ అంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. బత్తాయి పండు మీద సాయంత్రం దాకా గుచ్చి గుచ్చి, మర్నాడు పొద్దున్నే మనవరాలికి వేసింది. పిల్ల కిక్కురుమనలేదు. వార్డులో అందరూ ఆమెను సూది అవ్వ అని ఆటపట్టించారు. ఆమెకు ఆ పేరు బాగానే నచ్చింది.

నాలుగో పాఠం అమృత కాస్త గట్టిగానే చెప్పింది. అంతకు ముందు నెలే ఇంకో పిల్లవాడికి తిండి లేకుండా సూది వేసి, షుగరు పడిపోయి, ఫిట్స్‌తో తెచ్చారు. ఆ భయం ఆమెకింకా పోలేదు. పిల్ల తినకపోతే సూది వేయొద్దు, వేస్తే ఫిట్స్ వచ్చి చేతుల్లోనే పోతుంది అని, అవ్వ కళ్ళలోకి చూసి, రెండుసార్లు చెప్పింది.

ఆ మాట నిజమే. కాకపోతే అది సగమే. దివ్యశ్రీకి రోజుకు నాలుగు సూదులు. మూడు తిండికి ముందు వేసేవి. నాలుగోది రాత్రి వేసేది, రోజంతా నిదానంగా పనిచేసేది. అది తిండి కోసం కాదు, ప్రాణం నిలబడడానికి. పిల్ల తిన్నా తినకపోయినా, వాంతులైనా జ్వరమైనా ఆ ఒక్కటి ఆపకూడదు. ఒళ్ళు బాగాలేని రోజున అన్నం మెతుకు తినకపోయినా షుగరు పెరుగుతుంది, రక్తం విషమవుతుంది. ఇదంతా ఐదో పాఠం.

ఐదో పాఠం చెప్పాల్సింది డిశ్చార్జి రోజున. అది గురువారం. బయట ఇంకా ఇరవై రెండు మంది పిల్లలు కాచుకుని ఉన్నారు. పొద్దున్నే పరంజ్యోతి ఫోన్ చేసి, ఫారాలు ఎన్నయ్యాయి, నలభై కూడా కాలేదా, జనవరి ఎంత దూరంలో ఉందనుకుంటున్నావు అని అడిగారు. ఒంటిగంటా పది నిమిషాలకు గురుప్రసాద్ వ్యాను గేటు దగ్గర పెట్టుకుని వచ్చాడు. ఒకటిన్నరకు రాహుకాలం మొదలవుతుంది. చావు నోట్లోంచి వచ్చిన పిల్లను రాహుకాలంలో గడప దాటించకూడదని, ఈలోపే బయలుదేరాలని కన్యకమ్మ బతిమాలింది.

అమృతకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఈ మాట దాచి లాభం లేదు. ఆమే ఆపి కూర్చోబెట్టాల్సింది, కానీ వాళ్ళు తొందరపడితే ఆమెకు పని తగ్గింది. మిగిలింది వచ్చే నెల చెప్తానవ్వా అంది. అని, ఫారం ముందుకు లాక్కుని, ఐదు గళ్ళలోనూ టిక్కులు పెట్టింది. నాలుగు టిక్కుల ఫారం ఎటూ పనికిరాదు. ఎలాగూ వచ్చే నెల చెప్పేదే కదా, ముందే పెడితే ఏమైంది అనుకుంది. కన్యకమ్మ గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది. చదవలేదు. డాక్టరమ్మ రాసింది చదివి చూడడం అమర్యాద అనుకునే కాలం మనిషి ఆమె. ఒకటి ఇరవై ఐదుకు వ్యాను గేటు దాటింది.

ఇట్లాంటి టిక్కుతో ఉన్న తంటా ఏమిటంటే, అది పడ్డాక పని అయిపోయినట్టే కనిపిస్తుంది, పెట్టిన మనిషికి కూడా. వచ్చే నెల వాళ్ళు వచ్చినప్పుడు అమృత ఫైలు తెరిచింది. ఐదు టిక్కులు ఉన్నాయి. పేజీ తిప్పింది. షుగరు నోటు పుస్తకం ముచ్చటగా ఉంది, ఒక్క పూట తప్పలేదు. మీలాంటి అవ్వ ప్రతి ఇంట్లో ఉంటే మాకు పనే ఉండదని మెచ్చుకుని పంపింది. దసరా తర్వాతా అంతే.

కార్తీకం వచ్చింది. మూడో సోమవారం గురుప్రసాద్, పూజిత తెల్లవారకముందే యాగంటి శివుడి గుడికి బయలుదేరారు. పిల్లకు ముందురోజు సాయంత్రమే వాంతులు మొదలయ్యాయి, యాడన్నా ఏదన్నా తినింటాదిలే అనుకున్నారు. అవ్వ ఉండగా భయమేముంది అనుకున్నారు. ఆ రోజు కన్యకమ్మకు ఒక్కపొద్దు. చుక్క కనిపించేదాకా ఆమె ఏమీ తినదు. అన్నం వద్దన్న దివ్యశ్రీ, నాకూ ఒక్కపొద్దే అవ్వా అని నవ్విందట.

తినలేదు కాబట్టి కన్యకమ్మ ఆదివారం రాత్రి సూది వేయలేదు. సోమవారం పొద్దున వేయలేదు, మధ్యాహ్నం వేయలేదు. వేలు గుచ్చి చూస్తే మిషను మూడు వందల పది చూపించింది. మెతుకు ముట్టని పిల్లకు చక్కెర యాడ నుంచి వస్తాది, మిషను చెడింటాది అనుకుంది. ఆ రాత్రి కూడా వేయలేదు. చెయ్యి చాలా సార్లు సూది దాకా పోయిందని, డాక్టరమ్మ మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నానని తర్వాత ఆమే చెప్పింది. కొడుకూ కోడలూ యాగంటి నుంచి వచ్చేసరికి పిల్ల పడుకునుంది. సూదుల సంగతి అవ్వది కాబట్టి వాళ్ళు అడగలేదు.

మంగళవారం పొద్దున తొమ్మిదికి నంద్యాల తెచ్చారు. పిల్ల ఎగశ్వాసతో ఉంది, పిలిస్తే పలకడం లేదు. అమృత సెలైను ఎంత వేగంతో ఎక్కించాలో అంత వేగంతో ఎక్కించింది, ఇన్సులిన్ గంటగంటకూ లెక్క చూసి ఇచ్చింది. ఒక్క తప్పు చేయలేదు. నడుమ కన్యకమ్మను పక్కకు పిలిచి చివరి సూది ఎప్పుడు వేశారని అడిగింది.

"ఆదివారం మధ్యాన్నం తల్లీ" అంది కన్యకమ్మ. "తర్వాత ఏమీ తినలే. తినకపోతే వేయొద్దని నువ్వే చెప్తివి గదా."

 అమృతకు ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. కేసు షీటులో, ఇంటివాళ్ళు ఇన్సులిన్ ఆపేశారు అని రాసింది. రాసింది అబద్ధం కాదు. అంతవరకే నిజం రాయడం ఆమెకు అప్పటికే అలవాటైంది.

బుధవారం మధ్యాహ్నం పిల్లకు మెదడు వాచింది. మూడు గంటలకు పోయింది.

వరండాలో గురుప్రసాద్ గోడకు తల కొట్టుకుంటుంటే నర్సు జ్యోత్స్న పట్టుకుంది. ఆమెకూ ఆ పిల్లంటే ప్రాణం. దుఃఖంలో ఉన్న మనిషికి కోపం తొందరగా వస్తుంది. రాత్రి సూది ఎట్లా ఆపినారప్పా, తిన్నా తినకపోయినా అది ఆపకూడదని చెప్పి పంపినారు గదా, ఇదిగో మీ అమ్మ సంతకం అని ఫైలు తెరిచి ఆ ఫారం చూపించింది. గురుప్రసాద్ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని ఉన్న తల్లి వైపు చూశాడు. కన్యకమ్మ అమృత వైపు చూసింది.

అమృత మూడడుగుల దూరంలో ఉంది. నోరు తెరవడానికి అంతకంటే తగిన సమయం లేదు. ఆమె తెరవలేదు. లోపల ఇంకో పిల్లకు సెలైను చూడాలన్నట్టు వార్డులోకి వెళ్ళిపోయింది. అక్కడ సెలైను ఎక్కించాల్సిన పిల్లలు ఎవరూ లేరు.

తర్వాతి సోమవారం పరంజ్యోతి వచ్చారు. పిల్లలు ఎవరైనా చనిపోతే డాక్టర్లంతా కూర్చుని ఎక్కడ లోపం జరిగిందో మాట్లాడుకోవడం ఆ చదువులో భాగం. తెర మీద దివ్యశ్రీ ఫారం పెట్టారు. ఐదు టిక్కులు, అమృత సంతకం, గుండ్రటి అక్షరాల్లో కన్యకమ్మ సంతకం. వైద్యం సరిగా జరిగింది, ఇంటివాళ్ళకు చెప్పాల్సింది చెప్పారు, వాళ్ళు పాటించలేదు, డాక్టరు వైపు లోపం లేదు అని తేల్చారు. ఫారాలు ఇట్లా పూర్తిగా నింపాలని మిగతా జూనియర్ డాక్టర్లకు ఆమెను చూపించి చెప్పారు. 

మీటింగు అయ్యాక అమృత ఆయన గదిలోకి వెళ్ళి ఐదో పాఠం చెప్పలేదని చెప్పేసింది. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. 

"నేనూ పెట్టాను అమృతా, అట్లాంటి టిక్కులు" అన్నారు. "నా అదృష్టం, నా పిల్లలు బతికారు."

తర్వాత మెల్లగా ఇంకా చాలా చెప్పారు. ఈ చదువు చదివినవాళ్ళు రాష్ట్రంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది ఉన్నారు. నువ్వు ఆగిపోతే ఈ జిల్లా పిల్లలు మళ్ళీ స్పృహ తప్పేదాకా ఎవరికీ పట్టరు. చెప్పినంత మాత్రాన పోయిన పిల్ల రాదు. ఇకమీదట ఎప్పుడూ ఇట్లా చేయకు, అంతే, పరీక్ష రాయి. ఆయన దుర్మార్గుడు కాదు. ఆయన చెప్పిన ప్రతి మాటా సబబుగానే ఉంది. అందుకే అమృత తొమ్మిది రోజులు ఆ మాటలు కప్పుకుని పడుకోగలిగింది.

పదో రోజున వార్డు బాయ్ నరసింహులు నోటి వెంట మాట వచ్చింది. అతనిది ఆళ్ళగడ్డ. పూజిత ఈ ఇంట్లో ఉండలేనని ప్యాపిలి పుట్టింటికి పోయిందట. గురుప్రసాద్ తల్లితో మాట్లాడడం మానేశాడట. కన్యకమ్మ తన మంచం తానే ఈడ్చుకుని అంగడి వెనకాల గోడౌనులో వేసుకుందట. ఆమె చేతి నీళ్ళు ఎవరూ తాగడం లేదట.

"మనవరాలిని ఒక్కపొద్దు పెట్టి సంపిన ముసిల్దంట మేడమ్" అన్నాడు నరసింహులు. "వీధంతా అదే అంటాండారు. డాక్టర్లు చెప్పినా ఇనలేదంట."

అమృత ఆ పూట ఓపీ అయ్యాక ఫారాలన్నీ ముందు పెట్టుకుంది. చెప్పకుండా ఐదో టిక్కు పెట్టినవి దివ్యశ్రీది కాక ఇంకా ఎనిమిది ఉన్నాయి. ఆ ఎనిమిది ఇళ్ళకూ శుక్ర, శనివారాల్లో ఫోన్ చేసి, ఒక్కో ఇంటికీ పాఠం మొత్తం చెప్పింది. తొమ్మిది ఫారాలు అబద్ధమని, ఒక పిల్ల చనిపోవడానికి కారణం తానేనని హైదరాబాదుకు లెటరు రాసి పంపింది. పరీక్ష పోయినట్టే, చదువే పోతుందేమో కూడా. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా పెద్ద బాధ అనిపించలేదు. దించాల్సిన బరువు ఆళ్ళగడ్డలో ఉంది.

ఆదివారం పొద్దున బస్సెక్కింది. శిరివెళ్ళ దాటేదాకా ఏం చెప్పాలో మనసులో అనుకుంటూనే ఉంది. అంగడి ముందు దిగేసరికి అదంతా ఎగిరిపోయింది.

గురుప్రసాద్ గల్లా దగ్గర ఉన్నాడు. గడ్డం పెరిగింది. ఆమెను చూసి లేచి నిలబడి కుర్చీ తుడిచి వేశాడు. సరుకుల కోసం వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అమృత కూర్చోలేదు. వాళ్ళందరూ వినాలనే అంగట్లో నిలబడి చెప్పింది. రాత్రి సూది ఆపకూడదని మీ అమ్మకు నేను చెప్పలేదు, చెప్పినట్టు టిక్కు పెట్టినాను, వచ్చే నెల చెప్తానని మర్చిపోయినాను, తప్పు నాది, ఆమెది కాదు అంది.

గురుప్రసాద్ వింటున్నంతసేపూ తల దించుకునే ఉన్నాడు. తర్వాత గల్లా పెట్టె కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో పిల్ల కాగితాలన్నీ మడత నలగకుండా ఉన్నాయి. ఫారం తీసి ఆమె ముందు పెట్టాడు.

"మీరు మంచోళ్ళు మేడమ్" అన్నాడు. "మా అమ్మ బాధ చూడలేక మీ మీద ఏసుకుంటాండారు. కాగితం అబద్ధం చెప్పదు గదా. ఈడ మీ సంతకం ఉండాది, ఆమె సంతకం ఉండాది."

ఆ కాగితమే అబద్ధం అని అమృత గొంతు పెంచి చెప్పింది. పెన్ను తీసి ఆ ఐదో టిక్కు కొట్టేయబోయింది. గురుప్రసాద్ కాగితం వెనక్కి లాక్కుని, పాప పేరుండే కాగితం, పాడు చేయొద్దండి అన్నాడు. సరుకుల కోసం వచ్చిన పెద్దాయన ఒకరు, ఎంత మంచి మనసో డాక్టరమ్మది అన్నాడు. ఇంత దూరం వచ్చి నిజం చెప్తే దాన్ని దయ అంటున్నారు. అమృతకు ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. తన మీద తనకు పుట్టిన అసహ్యం వాటికంటే ఎక్కువైంది. అవ్వను చూడాలి అంది. గురుప్రసాద్ వెనక తలుపు వైపు చెయ్యి చూపించాడు.

గోడౌనులో బియ్యం బస్తాల నడుమ మంచం ఉంది. కన్యకమ్మ నేల మీద కూర్చుని ఉంది. మూడు వారాల్లో మనిషి సగమైంది. అమృతను చూసి లేవబోతే, అమృతే ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, అంగట్లో చెప్పిందంతా మళ్ళీ చెప్పింది. చేతులు పట్టుకుని చెప్పింది.

కన్యకమ్మ తన చేతులు మెల్లగా విడిపించుకుంది.

"లేదు తల్లీ. నువ్వు చెప్తివి" అంది. "నేనే మర్సిపోతి. ముసిలిదాన్ని గదా, గ్యాపకం యాడుంటాది. రోజూ ఆలోచన చేస్తాండా, ఇప్పుడు అంతా మతికొస్తాంది. నువ్వు చెప్తాంటే నేను తల ఊపినట్టు కూడా మతికొస్తాంది."

 అమృత పెట్టిన టిక్కు ఈ ముసలామె తలలోకి పోయి అక్కడ జ్ఞాపకమై కూర్చుంది. ఇరవై రోజులు అందరూ చెప్పావు, చెప్పావు అంటే, జరగనిది జరిగినట్టు ఆమెకే కనిపిస్తోంది. ఇక ఎన్ని ప్రమాణాలు చేసినా లాభం లేదు. ఏం చేయాలో అమృతకు తోచలేదు. తోచక, వార్డులో పాఠం ఒప్పజెప్పించుకున్నట్టు అడిగింది.

"సరే అవ్వా. నేను చెప్పింది నీకు మతికుంటే, మొత్తం చెప్పు. మొదటి నుంచి."

"ఇప్పుడెందుకు తల్లీ."

"చెప్పవ్వా."

కన్యకమ్మ కాసేపు గోడ వైపు చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. 

"మందు బుడ్డి ఫ్రిజ్జు తలుపులో పెట్టాల, పైన ఐసు గట్టే తావున పెట్టకూడదు. తీసినాక కొంచేపు బయట పెట్టాల, సల్లది ఏస్తే పిల్లకు మంట. పొద్దున కడుపు మీద, మధ్యాన్నం సెయ్యి మీద, రాత్రి తొడ మీద. ఏసిన తావునే మళ్ళా ఏయకూడదు, గడ్డ కడ్తాది. గుచ్చినాక పది అంకెలు ఎంచి సూది తీయాల. సెమట పట్టినా, సేతులు వణికినా మూడు సెంచాల సక్కెర నీళ్ళు తాపాల, పావుగంటకు మళ్ళా వేలు గుచ్చి చూడాల. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, బుగ్గ లోపల తేనె పూయాల, బండెక్కాల. తినకపోతే సూది ఏయొద్దు. ఏస్తే ఫిట్స్ వచ్చి సేతుల్లోనే పోతాది."

చెప్తూ చెప్తూ ఆమె చేతులు ఆ పనులన్నీ చేశాయి. ఒక్క మాట తప్పలేదు. అమృత శ్రావణంలో ఏ మాట ముందు చెప్పిందో అది ముందు, ఏది వెనక చెప్పిందో అది వెనక. ఫిట్స్ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. చేతులు గాలిలో అట్లాగే ఉన్నాయి. తర్వాతి మాట కోసం లోపలంతా వెతుక్కుంటోంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. లేని మాట ఎక్కడ నుంచి వస్తుంది.

గోడౌను తలుపు దగ్గర గురుప్రసాద్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఏమో. తల్లి చెప్పిందంతా విన్నాడు. ఇన్ని మాటలు పొల్లుపోకుండా చెప్పిన మనిషి ఆ ఒక్కటి ఎట్లా మర్చిపోతుంది అన్నది అతనికి అప్పుడు తట్టింది.  తలుపు చట్రం పట్టుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు.

కన్యకమ్మ కొడుకును చూడలేదు. అమృతనే చూస్తోంది.

"ఇంతవరకే చెప్తివి" అంది చివరికి.

"ఇంతవరకే చెప్పినా అవ్వా."

 అంగట్లో ఎవరో అన్నా, అన్నా అని పిలిచి పిలిచి వెళ్ళిపోయారు. తిడుతుంది, కొడుతుంది, వెళ్ళిపొమ్మంటుంది అని అమృత కాచుకుంది. వాటిల్లో ఏది జరిగినా ఆమెకు మేలే.

"తర్వాతది ఏందో చెప్పు" అంది కన్యకమ్మ.

"ఇప్పుడెందుకవ్వా."

"చెప్పు. ఇనాల నేను."

అమృత చెప్పింది. పిల్లకు బాగలేని రోజు తిండి లేకపోయినా షుగరు పెరుగుతాది అంది. కన్యకమ్మ ఆ మాట తిరిగి అంది. రాత్రి సూది ఏ రోజూ ఆపకూడదు, తిన్నా, తినకపోయినా. కన్యకమ్మ అదీ అంది. రెండు గంటలకోసారి వేలు గుచ్చి చూడాల, మూడు వందలు దాటితే ఫోన్ చేయాల. మూడు సార్లు వాంతులైనా, ఊపిరి ఎగబీల్చినా ఇంట్లో పెట్టుకోకుండా తీసుకురావాల. నడుమ ఒకచోట తడబడితే కన్యకమ్మ ఆగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుంది. మూడోసారి తప్పు లేకుండా మొత్తం ఒప్పజెప్పింది. అయ్యేసరికి తలుపు దగ్గర గురుప్రసాద్ మొహం మోకాళ్ళలో పెట్టుకుని ఉన్నాడు.

కన్యకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంతేనా తల్లీ?" అని అడిగింది.

"ఇంతేనవ్వా" అంది అమృత.